మావయ్య ఆఖరి వైపు

మా మావయ్య జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు "ఇప్పుడు మాస్టారి కోరిక ప్రకారం ఒక పాట విందాం" అని చెప్పి ఇంకా కుర్చీలో సర్దుకోకముందే, షామియానా రెండు మూలలా నిలబెట్టిన స్పీకర్లలోంచి బాకాలూ డోళ్ళూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ముందు వరసలో కునుకు తీస్తున్న రిటైర్డు టీచర్లు ఇద్దరు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. వాళ్ళని చూసి, ఇక్కడ నిలబడాలి కాబోలనుకుని వెనక వరసలన్నీ నిలబడ్డాయి. బిర్యానీ డేగిసాల దగ్గర కాపు కాస్తున్న కాకులు రామచంద్రపురం వదిలేసి ఎటో వెళ్ళిపోయాయి. ఆ గందరగోళంలో కదలకుండా కూర్చున్నది ఒక్క మనిషే, మా అత్తయ్య. ఆవిడ చేతికర్రతో నేలమీద రెండు దెబ్బలు వేసి, "ఆపవే షారోనూ, ఆపు! ఇది కాదు" అంది.

షారోను ఆవిడ మనవరాలు, కొడుకు కూతురు. కాకినాడలో చదువుకుంటోంది. ఆ సంగీతాన్ని ఫోన్లో వెతికి పట్టుకుని, స్పీకర్లకి కలిపి, పొద్దున్నించీ సరిచూసుకుంటున్నది ఆ పిల్లే. పాస్టరు గారు మాటవరసకి పాట అన్నారు గాని, అందులో మాటలుండవు. నూరుమంది వాద్యగాళ్ళు ఒక్కచోట కూర్చుని గంటకు పైగా వాయించే పడమటి దేశపు సింఫనీ అది. మావయ్య ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకుని కొడుకుతో అన్న మాట ఒక్కటే: "నా కూడికలో ఆఖరి వైపు పెట్టండిరా." ఆ పక్కనే అత్తయ్య ఉంది.

"ఇదే నానమ్మా ఆఖరిది" అంది షారోను, ఫోను ఎత్తి చూపిస్తూ. "నాలుగో భాగం. ఇదిగో, ఇక్కడ రాసుంది."

"రాసినోడు మనింటికొచ్చి ఎప్పుడైనా విన్నాడా? ఇది రెండోది. గట్టిమేళం. ఆఖరిది మెల్లగా ఉంటది."

పాస్టరు గారు కుర్రవాడు, ఊరికి కొత్త. "అమ్మగారూ, ఏదైనా ప్రభువు మహిమకే కదండీ" అన్నాడు.

"మహిమ సంగతి మీరు చూసుకోండయ్యగారూ. ఆయన అడిగింది ఆఖరి వైపు."

ఇక చేసేది లేక ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. సమస్త శబ్దాల కోసం దేవునికి స్తోత్రాలు చెప్పాడు. ఆమెన్ అనగానే జనం బిర్యానీ వైపు నడిచారు. అత్తయ్య కదల్లేదు. కంచం తెచ్చి చేతికిస్తే వెనక్కి తోసేసింది. "మనిషి అడిగింది ఒక్కటి. అదీ సరిగ్గా పెట్టలేకపోయాం. మీరు తినండి, నాకొద్దు" అంది. ఎనభై దాటిన మనిషి, చక్కెర జబ్బు, మధ్యాహ్నం ఒంటిగంట. షారోను కళ్ళనిండా నీళ్ళు. మిగతా అందరి నోళ్ళనిండా బిర్యానీ.

ఒక రికార్డులో ఏది రెండో వైపు, ఏది ఆఖరి వైపు అన్న సంగతి మీద ఒక ముసలావిడ అన్నం మానెయ్యడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నా చిన్నతనంలో మావయ్య ఇంటి ముందుగదిలో ఆదివారాలు గడిపినవాళ్ళెవరికీ అలా అనిపించదు.

మా నాన్నది కాలవల శాఖలో ఉద్యోగం. ఒక లాకు దగ్గర్నుంచి ఇంకో లాకు దగ్గరకి బదిలీ చేస్తూ ఆయన్ని గోదావరి నీళ్ళతోపాటే పారించేవారు. పిల్ల చదువు కాలవపాలు కాకూడదని మా అమ్మ నన్ను హైస్కూలు చదువుకి తన అన్నగారింట్లో దింపింది. మావయ్య దేవదానం మాస్టారు బళ్ళో ఇంగ్లీషు చెప్పేవారు, చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. ఇంట్లో ఈ రెండు పనులూ కలిపి చేసేవారు. అంటే, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినా అందులో ఒక వ్యాకరణ సూత్రమూ ఒక రాగమూ ఉండేవి. నశ్యం పీల్చేవారు. తుమ్ముకి ముందు రెండు వేళ్ళూ పైకెత్తి ఇంటిల్లిపాదినీ నిశ్శబ్దంగా ఉంచేవారు. తుమ్మయ్యాక, మేమేదో దాన్ని పాడుచేసినట్టు చూసేవారు.

ఊళ్ళో ఆస్పత్రి చూసుకునే దొరసాని ఒకావిడ స్వదేశానికి వెళ్ళిపోతూ తన సామాను పంచిపెట్టింది. బడికి గ్లోబు, కాంపౌండరుకి సైకిలు, మావయ్యకి రికార్డు ప్లేయరు. దాంతోపాటు ఒకే ఒక్క అట్ట, ఆ అట్టలో రెండు పెద్ద రికార్డులు, రెండూ కలిపి ఒకే సింఫనీ. అట్ట మీద మంచుకొండలూ, ఒక మేకా. వెనకవైపు ఏదో రాసి ఉండేదట, నేను చూసేనాటికే చెదలు చదివేశాయి. స్వరకర్త పేరు నేనిక్కడ రాయను. రాస్తే మావయ్య పలికినట్టు రాయాలి, అది ఆ మహానుభావుడికి అవమానం. ఏ వారం పలుకు ఆ వారానిదే కాబట్టి మేం "పెద్దాయన" అనేవాళ్ళం. ఆయన ఎవరో, ఎప్పటివాడో తెలీదు. మీసాలున్నవాడని మాత్రం మావయ్య గట్టిగా చెప్పేవారు.

ఆ ప్లేయరు మధ్యలో జానెడు పొడుగు ఉక్కు కడ్డీ ఒకటి నిలబడి ఉండేది. రికార్డులు రెండింటినీ దానికి గుచ్చి పైన నిలపాలని, ఒకటి అయ్యాక రెండోది దానంతటదే కిందకి దిగుతుందని దొరసాని మావయ్యకి వివరించిందట. ఆవిడ తెలుగులో చెప్పింది, ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చారు, ఇద్దరూ ఎంతో మర్యాదగా విడిపోయారు. ఇంటికి తెచ్చి మొదటిరోజు పెట్టగానే, పైనున్న రికార్డు తాటిపండు పడ్డట్టు దభీమని కిందదాని మీద పడింది. అంతే, మావయ్య ఆ కడ్డీ ఊడబీకి, పొట్టిది బిగించి, ఇకనుంచి తన చేత్తోనే ఒక్కోటి పెడతానని ప్రకటించారు. పొడుగు కడ్డీ వృథా పోలేదు. ఆ ఆదివారం నుంచి చర్చిలో పాటల బృందానికి తాళం చూపించడానికి అది ఆయన కుడిచేతిలోకి వచ్చింది. బతికినన్నాళ్ళూ దాంతోనే ఊపారు. మొన్న ఆయన్ని పెట్టెలో పెట్టేటప్పుడు అత్తయ్య దాన్ని ఆయన చేతిలోనే ఉంచింది.

ఆదివారం మా ఇంట్లో ఎలా తెల్లవారేదో చెప్పాలి. ముందు వాసన వచ్చేది. సన్నికల్లు మీద అల్లం, వెల్లుల్లి, ధనియాలు నలిగే వాసన. దాని వెనక ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల వాసన, తర్వాత మావయ్య తెల్లకోటు లోంచి కలరా ఉండల వాసన. అత్తయ్య కోడికూర సగం ఉడికించి దింపి చర్చికి వచ్చేది. ప్రసంగం సాగుతుంటే ఆవిడ మనసు పొయ్యి మీదే ఉండేదని ఆవిడ ముఖం చూస్తే తెలిసేది. నరకాగ్ని గురించి చెప్పినప్పుడు మరీను. ఇంటికొచ్చాక పలావు దమ్ము పడేది. సరిగ్గా మూత తీసే వేళకి వీధి గుమ్మంలో కిర్రుచెప్పుల చప్పుడు. సుబ్బరాజు గారు.

సుబ్బరాజు గారు కొబ్బరితోటల ఆసామి. ఊరికి అవతలి వైపు మేడ. ఆయన భార్య ఆదివారం సూర్యుడికి ఒక్కపొద్దు ఉండేది. ఆ రోజు ఆ ఇంట్లో నీసు వాసన కూడా రాకూడదు. ఈయనకా, ముక్క లేకపోతే ముద్ద దిగదు. అలాగని రాజులు మా పేటకి వచ్చి మా ఇళ్ళలో భోంచేసే రోజులు కావవి. ఇక్కడే పెద్దాయన సింఫనీ ఊరికి చేసిన మేలు. రాజుగారు మాస్టారింట్లో తిన్నారని ఎవరూ అనలేరు. పాట వినడానికి వెళ్ళారు, అంతే. చదువుకున్నవారింటికి విదేశీ సంగీతం వినడానికి వెళ్ళడంలో కులం ఎక్కడ పోతుంది? మొదట్లో అరిటాకు తన వెంటే తెచ్చుకునేవారు. మావయ్య ఏమీ అనేవారు కాదు. కాని ఆకు తెచ్చుకున్న రోజున ఒక్క వైపు కూడా తగ్గించకుండా మొత్తం నాలుగు వైపులూ వినిపించేవారు. కంచంలో తిన్న రోజున కూడా నాలుగూ వినిపించేవారనుకోండి, కాని అప్పుడు మధ్యలో తాంబూలం ఉండేది. కొన్నాళ్ళకి ఆకు రావడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి, "సుగుణమ్మ గారూ, మెడముక్క ఉందాండీ?" అని వంటింట్లో ఉన్న అత్తయ్యని కేకేసే దాకా వచ్చింది. మా ఊళ్ళో ఆ పని చర్చి చేయలేదు, కాంగ్రెసూ చేయలేదు. ఒక కోడీ, మీసాల పెద్దాయనా కలిసి చేశారు.

భోజనాలయ్యాక ముందుగది తలుపులు మూసేవారు. మావయ్య కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టేవారు. వంగినప్పుడు అది జారి రికార్డు మీద పడుతుందని ఆయన భయం. రికార్డుని రెండు అరచేతుల మధ్య, కొత్తగా పుట్టిన బిడ్డని పాస్టరు అందుకున్నట్టు పట్టుకునేవారు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు, వారం వారం పాత ఉప్పాడ చీర ముక్కతో తుడిచే అత్తయ్య తప్ప. ముల్లు ఆనించాక ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు, ముఖ్యంగా దగ్గకూడదు. వైపు తిప్పేటప్పుడు మాత్రం దగ్గుకి అనుమతి. దాంతో వైపు అయిందో లేదో, గదిలో ఉన్నవాళ్ళందరూ, దగ్గు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, మళ్ళీ అవకాశం రాదేమోనని ఒక్కసారిగా దగ్గేసేవారు. వీధిలో పోయేవాళ్ళు ఈ ఇంట్లో అందరికీ క్షయ అనుకునేవారు.

మొదటి వైపు ఫిడేళ్ళ సన్నటి వణుకుతో మొదలయ్యేది. మొదటిసారి విన్నప్పుడు సుబ్బరాజు గారు ఫట్‌మని పిక్క మీద కొట్టుకున్నారు. దోమ అనుకున్నారు. పాపం ఆయన తప్పు లేదు, అది అచ్చం మా కాలవగట్టు సాయంకాలమే. ఆ వణుకులోంచి దూరంగా ఒక బాకా, దానికి జవాబుగా ఇంకోటి, మెల్లమెల్లగా నీళ్ళు పెరిగి వరద అయ్యేది. రికార్డు తిప్పితే రెండో వైపు, గట్టిమేళం. డోళ్ళు, ఇత్తడి బాకాలు, ఇల్లు అదిరిపోయేది. పక్కింటి గేదె ఒకసారి పలుపు తెంపుకుంది. తర్వాత రెండో రికార్డు. దాని మొదటి వైపుకి మేం జట్కా అని పేరు పెట్టాం, గుర్రం కదం తొక్కుతున్నట్టే ఉండేది. దాన్ని తిప్పితే వచ్చేదే ఆఖరి వైపు.

ఆఖరి వైపు పెట్టేముందు మావయ్య ఒక పని చేసేవారు. ముల్లు చేత్తో పట్టుకుని, వంటింటి వైపు తిరిగి, "సుగుణా, అయిందా?" అనేవారు. లోపల గిన్నెల చప్పుడు ఆగేది. "ఆఁ, అయిందండి, పెట్టండి" అంటూ అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. ఆవిడ కూర్చునేదాకా ముల్లు దిగేది కాదు. రాజుగారైనా సరే, ఎదురు చూడవలసిందే. మొదటి మూడు వైపులూ ఆవిడకి గోడ అవతల అంట్లతోపాటు వినిపించేవి. ఆ నాలుగోది ఒక్కటే కూర్చుని విన్నది. అది చాలా నెమ్మదిగా, చాలా పొడుగ్గా సాగేది. చల్లబడ్డ పొయ్యిలో నివురు కింద నిప్పులా, అయిపోయిందనుకున్న ప్రతిసారీ ఇంకొంచెం ఉండేది. పది నిమిషాలకి గదిలో సగం తలలు వాలిపోయేవి. మావయ్య దాన్ని భక్తి అనుకునేవారు.

సుబ్బరాజు గారు మాత్రం ప్రతి వారం తిప్పేటప్పుడు, దగ్గయ్యాక, అదే ఫిర్యాదు చేసేవారు.

"ఆయ్ మాస్టారూ, నాకో ధర్మసందేహమండి. మాలో గట్టిమేళం తాళి కట్టేటప్పుడు వాయిస్తారు. అదయ్యాక ఇంకేముంటది, భోజనాలే. మీ పెద్దాయనేంటండీ, గట్టిమేళం ముందే వాయించేసి, ఆనక మమ్మల్ని కూర్చోబెట్టి నిద్రపుచ్చుతాడు?"

"మీరు తాళి కట్టడం చూసి విస్తళ్ళ మీదకి పరిగెడతారు రాజుగారూ. మావాడు తాళి కట్టాక జట్కాలో ఊరేగించి, ఆ తర్వాత కాపురం కూడా చూపిస్తాడు."

"కాపురం ఇంత నిద్రమత్తుగా ఉంటదాండీ?"

"అది మీ ఇంట్లో ఎలా ఉందో మీరే చెప్పాలి."

గుమ్మంలో అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆవిడ నవ్వితే మావయ్య చూడనట్టు కిటికీలోకి చూసేవారు. నాకు ఆ వయసులో ఇదంతా పెద్దవాళ్ళ సోది. ఇప్పుడనిపిస్తుంది, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు అందరి ఎదుటా సరసమాడుకున్న క్షణం వారానికి అదొక్కటేనని.

కరెంటు పోతే అసలు పండగ. రికార్డు ముసలి ఎద్దులా మూలిగి మూలిగి ఆగిపోయేది. ఎవరూ లేవడానికి లేదు. మావయ్య కడ్డీ అందుకుని, ఆగిన చోటు నుంచి తానే నోటితో అందుకునేవారు. ఫిడేళ్ళకి ఒక గొంతు, బాకాలకి ఒక గొంతు. ఒకసారి కరెంటు ఎంతకీ రాకపోతే, రాజుగారి పాలేరు గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. చీకటి గదిలో పదిమంది చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నారు, మాస్టారు బాకాలా ఊదుతున్నారు, తన దొరగారు గోడకానుకుని గురక పెడుతున్నారు. వాడు మారుమాట్లాడకుండా వెళ్ళి, "అయ్యగారికి ఇంకా ఆళ్ళు దెయ్యం దించుతున్నారండి" అని మేడలో చెప్పాడట.

చదువయ్యాక నేను రాజమండ్రిలో పత్రికలో చేరాను. అక్కడ మొదటిరోజే సీనియరు ఒకాయన నా వార్త చింపేసి, "అసలు సంగతి చివర్లో చెప్తావేంటమ్మా? ముందు చెప్పు. చివరిది కత్తిరించినా ఏం పోకూడదు" అన్నాడు. నాకు చటుక్కున అర్థమైపోయింది. గట్టిమేళం రెండో వైపులోనే వాయించెయ్యాలి, అంతే కదా. ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేశాను. కత్తెరకి దొరికినవన్నీ చివరి పేరాలే. ఎన్ని కాపురాలు కత్తిరించానో లెక్కలేదు. ఆ సింఫనీ మాత్రం ఇంకెక్కడా వినలేదు. వినాలని అనిపించలేదు కూడా. మన ఇంటి పచ్చడి ఇంకో ఇంట్లో ఎలా ఉంటుందో అని ఎవరు అడుగుతారు?

విన్నది షారోను. మా తరంవాళ్ళు ఈ పిల్లలు ఏదీ అరనిమిషం మించి వినరని చెప్పుకుంటాం. నేనే రెండు మూడు వ్యాసాల్లో రాశాను కూడా. కాని కాకినాడ బస్సులో చెవుల్లో పెట్టుకుని, నిలబడి, మొత్తం సింఫనీ వింటూ వెళ్ళే పిల్ల అది. అట్ట ముందువైపు చెదలు వదిలిపెట్టిన అక్షరాలు పట్టుకుని తనే వెతుక్కుంది. అప్పటికి మావయ్యకి చెవుడు. ప్లేయరు పాడైపోయి అటకెక్కింది. పిల్ల వింటోందని తెలిసి ఆయన సంతోషించారు. దేని తర్వాత ఏది వింటోందో ఆయన అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు. ఒకే ఇంట్లో తాతా మనవరాలూ వేరు వేరు సింఫనీలు ప్రేమిస్తూ ఇన్నాళ్ళూ గడిపేశారు.

కూడికకి వచ్చినవాళ్ళు తిని వెళ్ళిపోయాక షారోను ట్రంకుపెట్టె తెరిపించింది. అట్టలోంచి రికార్డులు తీసి, మధ్యనున్న గుండ్రటి కాగితాలు చూసి, తిప్పి చూసి, మళ్ళీ తిప్పింది.

"నానమ్మా, దీనిమీద ఒకటి అనుంది. తిప్పితే నాలుగు. రెండోదాని మీద రెండు, తిప్పితే మూడు."

"అయితే?"

"అయితే ఏంటంటే, రెండూ ఆ పొడుగు కడ్డీకి గుచ్చితే ముందు ఒకటి, తర్వాత పైనుంచి పడి రెండు. రెండూ కలిపి బోర్లిస్తే మూడు, నాలుగు. దొరసాని అందుకే అలా పెట్టమంది. తాతయ్య ఒక్కోదాన్నీ తిప్పి పెట్టేసరికి ఒకటి, నాలుగు, రెండు, మూడు అయిపోయింది."

నాకు నవ్వాగలేదు. "అంటే మావయ్య ఇన్నేళ్ళూ తలకిందులుగా పెట్టారన్నమాట. గట్టిమేళమే ఆఖరు! సుబ్బరాజు గారు బతికుంటే ఊరంతటికీ పప్పన్నం పెట్టేవారు."

"అంకెలు నాకూ వచ్చు" అంది అత్తయ్య.

నవ్వడం ఆపేశాను. "అంటే?"

"వారం వారం తుడిచింది ఎవరనుకున్నావు, మీ మావయ్యా?"

"తెలిసీ చెప్పలేదా అత్తయ్యా?"

"ఏమని చెప్పనే? అంట్లు తోముకుని వచ్చేసరికి నాకు నచ్చింది వస్తోంది. ఆ గోలంతా ముందే అయిపోతోంది. చెప్తే నాది మూడోదైపోతది. మూడోదాని వేళకి నా చేతులకి ఇంకా మసే."

"మరి మావయ్యకి తెలుసా?"

ఆవిడ రికార్డు అంచుని బొటనవేలితో రుద్దింది. "నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. ఇంగ్లీషు మాస్టారు, నాలుగంకె చదవలేడా అని ఒకపక్క. కళ్ళజోడు తీసేసి కదే పెట్టేవారు అని ఇంకోపక్క. తెలిస్తే ఆయన కడుపులో ఆగుతదా, ఊరంతా పాఠం చెప్పెయ్యరూ? మరి అదేంటో, నేను కూర్చునేదాకా ఎందుకు ఆగేవారూ?"

అప్పుడు షారోను, మెల్లగా, "ఒకవేళ తెలిసే నీకోసం అలా పెట్టాడనుకో నానమ్మా. మరి తనకోసం పెట్టమన్నది ఏది?" అంది.

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు ప్రశ్నలు దిద్దినదాన్ని. అత్తయ్య అన్నం మానేసింది, ఆయన అడిగింది నెమ్మదైన వైపేనన్న నమ్మకం మీద. ఆయన జీవితమంతా అసలు ముగింపుని ఆవిడ అంట్ల కోసం వదులుకుని, పోయేముందు ఒక్కసారి దాన్ని అడిగి ఉంటే, మధ్యాహ్నం చేతికర్రతో కొట్టి ఆపించింది ఆవిడే. అత్తయ్య ముఖం చూడలేక నేను కిటికీలోకి చూశాను, మావయ్యలాగే.

"రెండూ పెట్టు" అంది చివరికి. "ముందు నాది. తర్వాత ఆయనది."

సాయంత్రం ఎండ వాలింది. షామియానావాళ్ళు గుంజలు పీకడానికి వచ్చి నిలబడ్డారు, వాళ్ళని కూర్చోబెట్టాం. మర్చిపోయిన గొడుగు కోసం పాస్టరు గారు అప్పుడే వచ్చాడు.

"కూర్చోండయ్యగారూ, ఆయన పాట పెడుతున్నాం."

"ఎంతసేపండీ అమ్మగారూ?"

"ఐదు నిమిషాలండి" అంది అత్తయ్య, చర్చికి వెళ్ళే మనిషి.

నెమ్మదైనది మొదలైంది. కొంతసేపటికి పాస్టరు గారు గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య తల తిప్పకుండానే, "ఇప్పుడు కాదండి. తిప్పేటప్పుడు" అంది. ఫోన్లో తిప్పడానికి ఏముంటుంది, ఒకదాని వెనక ఒకటి దానంతటదే వచ్చేస్తుంది. ఆ యంత్రానికి దగ్గులూ తెలీవు, అంట్లూ తెలీవు. కాని షారోను ఆ మాట విని, ఆ వైపు అయిపోగానే ఆపింది. ఆపి, "దగ్గుకోండి" అంది. పాస్టరు గారు, గుంజలవాళ్ళు, నేను, అందరం దగ్గాం. అత్తయ్య కూడా దగ్గింది. ఆ తర్వాత గట్టిమేళం వచ్చింది.

అత్తయ్య చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, మధ్యలో వంటింట్లోకి వెళ్ళకుండా, దాన్ని ఎదురుగా కూర్చుని మొదటిసారి విన్నది. ఏడవలేదు. ఆఖర్న బాకాలన్నీ కలిసి ఒక్కటై లేచినప్పుడు మాత్రం కర్ర మీద వేళ్ళు తాళం వేస్తున్నాయి. నెమ్మదైనదాని తర్వాత ఇది రావడంలో ఏదో సరిపోయిందని నాకనిపించింది. పెద్దాయన రాసిన వరస అదే కదా, సరిపోకేం. అయ్యాక అత్తయ్య, "బిర్యానీ మిగిలిందా?" అని అడిగింది.

"అడుగున కొంచెం ఉంది నానమ్మా."

"అదే పెట్టు."

వార్త ఖరారు చేసుకోవాలంటే ఇద్దరు సాక్షులు కావాలని మా డెస్కులో నియమం. ఈ కేసులో సుబ్బరాజు గారు లేరు, దొరసాని లేదు, కడ్డీ మట్టిలో ఉంది, అట్ట వెనక రాత చెదల కడుపులో ఉంది. అత్తయ్య పరామర్శకి వచ్చినవాళ్ళతో "ఆయనకేం తెలీదు పాపం" అంటుంది, నాతో ఫోన్లో "తెలుసే, తెలిసే చేశారు" అంటుంది. చివరికి నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. మావయ్య కళ్ళజోడు అడిగి తీసుకుని, కళ్ళజోళ్ళ షాపులో పరీక్ష చేయించాను. ఆయనది దూరం చూపు లోపమైతే, జోడు తీసేసినా దగ్గరి అంకె చక్కగా కనిపించి ఉండాలి. దగ్గర చూపు లోపమైతే కనిపించి ఉండదు. షాపతను అద్దాలు వెలుతురుకి పెట్టి చూసి, "ఇది పెద్దతనంలో మార్చిన జోడండి, పైన ఒక పవరు, కింద ఒక పవరు. అప్పుడేముండేదో దీన్నిబట్టి చెప్పలేం. పాతది ఉంటే తీసుకురండి" అన్నాడు.

పాతది ట్రంకుపెట్టెలో లేదు, అటక మీదా లేదు.